గూడ్స్ వ్యాగన్ మోడల్‌కు రంగు, రాత: ముందు తెలుపు సంగతి తేల్చుకోండి

విజయనగరం జంక్షన్ ప్లాట్‌ఫారం మీద ఓ పూట కూర్చుంటే మోడల్ చేసుకోవాలనిపించే వ్యాగన్లన్నీ కళ్ల ముందే పోతాయి. హౌరా–చెన్నై మెయిన్ లైన్ మీద బాక్స్‌ఎన్ (పైకప్పు లేని వ్యాగన్) బొగ్గు రేకులు (రేకు అంటే వరసగా కలిపిన వ్యాగన్ల బండి), రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా దిగే గూడ్సులు, మధ్య మధ్య బీసీఎన్ మూత వ్యాగన్లు, బీటీపీఎన్ ట్యాంకులు. కాస్త ముందుకు కొత్తవలస వెళ్తే కిరండూల్ లైన్ మీద నుంచి ఇనుప ఖనిజం దిగుతూ కనిపిస్తుంది. వీటి బాడీలు ఇప్పుడు రకరకాలుగా సంపాదించుకోవచ్చు: రెజిన్ కిట్లు, త్రీడీ ప్రింటు చేయించుకునేవి, స్టైరీన్ ప్లాస్టిక్ షీటు కోసి సొంతంగా కట్టుకునేవి. బాడీ చేతికొచ్చాక మిగిలేది రంగు, రాత. చాలామంది తడబడేది ఇక్కడే. ముందు రంగు కొట్టేస్తారు, అది ఆరాక నంబర్లు ఎలా వేయాలా అని వెతుక్కుంటారు.

ఈ వరస తిరగెయ్యాలి. రాత ఏ పద్ధతిలో వేస్తారో ముందు తేల్చుకోండి, రంగు దాని వెంట వస్తుంది. కారణం ఒక్కటే. మన వ్యాగన్ల మీద రాత ఎక్కువగా తెలుపు. ఇంట్లోనూ జిరాక్స్ షాపులోనూ ఉండే మామూలు ప్రింటరేదీ తెలుపు వేయదు. ప్రింటరుకు తెలుపంటే కాగితాన్ని ఖాళీగా వదిలెయ్యడమే. పారదర్శక డెకాల్ కాగితం (నీళ్లలో నానబెట్టి, పైపొరను జార్చి అంటించేది) మీద తెల్ల అక్షరాలు ప్రింటు ఇస్తే ఖాళీ కాగితమే బయటికొస్తుంది. ఒకప్పుడు ఆల్ప్స్ ఎండీ ప్రింటర్లు రిబ్బనుతో తెలుపు వేసేవి, వాటి తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. తెల్ల టోనర్ వేసే లేజర్ ప్రింటర్లు ఉన్నాయి గానీ, నాలుగు వ్యాగన్ల కోసం కొనే వస్తువు కాదది. అందుకే కింద చెప్పే పద్ధతులన్నీ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: తెలుపు ఎక్కణ్నుంచి తేవాలి?

అక్షరం ఎంతుంటుందో ముందు కొలవండి

బాక్స్‌ఎన్ అసలు పొడవు కప్లర్లతో కలిపి 10,713 మి.మీ. అది 1:87 హెచ్‌ఓ స్కేల్లో, అంటే అసలులో 87వ వంతు సైజులో, 123 మి.మీ., 1:76.2 ఓఓలో 140.6 మి.మీ., 1:160 ఎన్ స్కేల్లో 67 మి.మీ. అసలు వ్యాగన్ మీద 150 మి.మీ. ఎత్తున్న అక్షరం హెచ్‌ఓలో 1.7 మి.మీ. అవుతుంది, ఎన్ స్కేల్లో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గీత మందం ఎత్తులో ఆరో వంతు అనుకుంటే హెచ్‌ఓలో 0.28 మి.మీ. ఆర్‌ఓహెచ్, పీఓహెచ్ (వ్యాగన్‌కు నిర్ణీత కాలానికి చేసే ఓవర్‌హాల్) తేదీల గడిలో అక్షరాలు ఇంకా చిన్నవి, వాటి గీత 0.15 మి.మీ. దగ్గరికి దిగిపోతుంది. ఏ షాపుకెళ్లినా, ఏ మిషను చూసినా మొదట అడగాల్సిన మాట ఇదే: ఎంత సన్నని గీత నిలబడుతుంది?

హిందీ రాతతో ఇంకో చిక్కుంది. దేవనాగరి అక్షరం నెత్తిన అడ్డగీత ఉంటుంది, దాని పైన మాత్రలు. 1.7 మి.మీ. ఎత్తులో ఈ రెండూ కలిసిపోయి ముద్ద అవుతాయి. అడ్డగీతకూ మాత్రకూ మధ్య ఖాళీని బొమ్మలోనే కాస్త పెంచి గీసుకోవాలి. డిజైను ఇంక్‌స్కేప్‌లో చేసుకుంటే ఫైలు ఇచ్చే ముందు అక్షరాలన్నిటినీ గీతలుగా, అంటే కర్వులుగా మార్చెయ్యండి. షాపులో కోరల్‌డ్రాలో తెరిచినప్పుడు ఆ ఫాంటు అక్కడ లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి, లేదా ఇకారం వెళ్లి పక్క అక్షరం మీద కూర్చుంటుంది. అది ప్రింటయ్యాక చూసుకుంటే కాగితం దండగ.

అయిదారు వ్యాగన్లే అయితే: తెల్ల డెకాల్ కాగితం, లేజర్ ప్రింటు

తెల్ల వెనకపొర ఉన్న వాటర్‌స్లైడ్ డెకాల్ కాగితం తీసుకుని, దాని మీద వ్యాగన్ గోధుమరంగును నేపథ్యంగా ప్రింటు చేసి, అక్షరాలను ఖాళీగా వదిలెయ్యడం ఈ పద్ధతి. తెలుపు కాగితం నుంచే వస్తుంది. అభ్యంతరం కూడా అందరికీ తెలిసిందే: ప్రింటయిన గోధుమరంగు, పూసిన గోధుమరంగు ఎప్పటికీ ఒకటి కావు. అక్షరాల చుట్టూ చిన్న చీటీలా కత్తిరించి అంటిస్తే వ్యాగన్ మీద అతుకు వేసినట్టే ఉంటుంది.

దీనికి బాక్స్‌ఎన్ ఒంటి తీరే విరుగుడు. దాని పక్కగోడ నిలువు పట్టీలతో గడులు గడులుగా ఉంటుంది. డెకాల్‌ను అక్షరాల చుట్టూ కాకుండా ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీ వరకు, గడి మొత్తానికి సరిపడా కోయండి. అంచు పట్టీ మూలలో దాక్కుంటుంది. రంగులో కొద్ది తేడా ఉన్నా ఆ గడి ఒక్కటే తర్వాత పెయింటు వేసినట్టు కనిపిస్తుంది. అసలు వ్యాగన్లకూ రిపేరు తర్వాత వివరాలు మార్చి రాసేటప్పుడు ఆ ముక్క వరకే కొత్త రంగు పడటం చూస్తూనే ఉంటాం.

రంగు కలపడంలో కూడా వరస ముఖ్యం. పెయింటుకు తగ్గట్టు ప్రింటు తెప్పించాలని చూడకండి, ప్రింటుకు తగ్గట్టు పెయింటు కలపండి. ఒక కాగితం మీద ఎరుపు, నలుపు పాళ్లు మారుస్తూ 12 గోధుమరంగు గళ్లు ప్రింటు తీయండి. వాటి మీద వార్నిష్ కొట్టి ఆరనివ్వండి, వార్నిష్ పడ్డాక ప్రింటు ఒక మెట్టు ముదురుతుంది. అప్పుడు నచ్చిన గడిని పక్కన పెట్టుకుని పెయింటు చుక్క చుక్కగా కలపండి. పెయింటు మన మాట వింటుంది, ప్రింటరు వినదు.

ఇంక్‌జెట్టా, లేజరా? హెచ్‌ఓ అక్షరాలకు లేజరే మేలు. ఇంక్‌జెట్ సిరా నీళ్లకు కారిపోతుంది కాబట్టి ప్రింటు తీశాక అరగంట పైగా ఆరబెట్టి, పలచగా మూడు పూతల వార్నిష్ కొట్టి, రాత్రంతా వదిలితే గానీ నీళ్లలో ముంచకూడదు. మూడు పూతలు పడేసరికి పొర మందమెక్కి గడిలో సరిగ్గా కూర్చోదు. లేజరు టోనర్ నీటికి కరగదు, ఒక పలచని పూత చాలు. ఒక హెచ్చరిక: ఇంక్‌జెట్ కోసం చేసిన డెకాల్ కాగితాన్ని లేజర్ ప్రింటర్లో పెట్టకండి. లోపలి రోలరు వేడికి పైపూత కరిగి దానికి అతుక్కుంటుంది. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకునేటప్పుడు ప్యాకెట్టు మీద ఏముందో వాళ్లకు చూపించి, కాగితం వంగకుండా పోయే పక్క ట్రే నుంచి పెట్టమని అడగండి.

రేకు మొత్తం చేస్తే: శుభలేఖల షాపే మన డెకాల్ ఫ్యాక్టరీ

అసలు బాక్స్‌ఎన్ రేకు అంటే 58 వ్యాగన్లు, ఒక బ్రేక్ వ్యాను. అంత కాకపోయినా పదిహేను, ఇరవై వ్యాగన్లు వరసగా కట్టాలనుకునేవాళ్లకు మేము గట్టిగా చెప్పేది స్క్రీన్ ప్రింటింగ్. విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల గానీ, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ వైపు గానీ శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, గుడ్డ సంచులు అచ్చు వేసేవాళ్లను వాకబు చేయండి. ముదురు ఎరుపు శుభలేఖ మీద తెల్ల అక్షరం వేయడం వాళ్లకు రోజువారీ పని. అదే తెల్ల సిరాను పారదర్శక డెకాల్ కాగితం మీద వేయించుకుంటే చాలు, రంగు కలిపే బాధే ఉండదు. అక్షరం తప్ప మిగతాదంతా పారదర్శకం కాబట్టి కింద ఏ రంగున్నా ఫరవాలేదు.

అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది ఫ్రేముకు కట్టిన బోల్టింగ్ క్లాత్ నేత. సెంటీమీటరుకు 120 పోగుల సన్ననేతైతే 0.2 మి.మీ. గీత నిలబడుతుంది. గుడ్డ సంచులకు వాడే ముతక నేత మీద మన అక్షరాలు చుక్కలు చుక్కలుగా విరిగిపోతాయి. రెండోది పాజిటివ్. బొమ్మను అసలు సైజులో, నిక్కమైన నలుపులో ఫిల్ము మీద తీయించండి. ట్రేసింగ్ పేపర్ మీద లేజరు నలుపు పూర్తిగా మూసుకోదు, వెలుతురు దూరి గీత అంచులు కరుగుతాయి. మూడోది సిరా. కొన్ని సిరాల్లో ఉండే థిన్నర్ డెకాల్ పైపొరను తినేస్తుంది. షీటు మొత్తం వేయించే ముందు ఒక మూల కోసిచ్చి, అచ్చు వేయించి, ఆరాక నీళ్లలో వేసి చూడండి. పొర ముడుచుకున్నా, అక్షరం పొర నుంచి విడిపోయినా వేరే సిరా అడగాలి.

ఈ పద్ధతిలో చాలామందికి తట్టని లాభం ఒకటుంది. స్క్రీను మీద ఏముందన్నదాన్ని బట్టి ఖర్చు మారదు. ఒకే నంబరు 58 సార్లు వేసినా, 58 వేరు వేరు నంబర్లు వేసినా ఫ్రేము ఒక్కటే. కాబట్టి అంకెలు విడివిడిగా కోసి, పట్టకారుతో పేర్చి నంబరు కట్టే కష్టం పెట్టుకోకండి. ప్రతి వ్యాగన్‌కూ పూర్తి నంబరు బొమ్మలోనే గీసెయ్యండి. వ్యాగన్ ఒక పక్కకు కావాల్సిన రాతకు 30×25 మి.మీ. స్థలం కేటాయిస్తే, అంచులు వదిలాక ఏ4 షీటులో అడ్డంగా 6, నిలువుగా 11, మొత్తం 66 పడతాయి. 58 పోగా మిగిలిన ఎనిమిదిలో చిన్న అక్షరాల గడులు అదనంగా పెట్టుకోండి, చిరిగిపోయేవి ఎక్కువగా అవే. రెండో పక్కకూ అదే నంబరు కాబట్టి అదే ఫ్రేముతో రెండో షీటు లాగిస్తే సరిపోతుంది.

లోపమూ చెప్పాలి. ఫ్రేము మీద సిరాను ఒక్కసారి లాగితే (ఒక్క లాగుడు) తెలుపు గోధుమరంగు మీద కాస్త పలచగా కనిపిస్తుంది. రెండోసారి లాగిస్తే బొమ్మ కాస్త పక్కకు జరిగి అక్షరం మసకబారుతుంది. ఒక్క లాగుడుతోనే ఆగమని మా సలహా. మైన్లలో, యార్డుల్లో తిరిగే వ్యాగన్ మీద రాత పాలలా తెల్లగా ఉండదు.

మిగతా దారులు, క్లుప్తంగా

రేడియం స్టిక్కర్ షాపు అందరికీ మొదట గుర్తొస్తుంది. బైకు నంబరు ప్లేట్లు కోసే ఆ కట్టింగ్ మిషను 4, 5 మి.మీ. కంటే చిన్న అక్షరాన్ని శుభ్రంగా కోయలేదు. కోసినా తెల్ల వినైల్ పీకేటప్పుడు అంకెలతో సహా లేచొస్తుంది. 1:32 లాంటి పెద్ద స్కేల్లో 150 మి.మీ. అక్షరం 4.7 మి.మీ. అవుతుంది కాబట్టి అక్కడ పనికొస్తుంది. స్టిక్కరుగా కాకుండా అక్షరాలు బోలుగా ఉన్న స్టెన్సిల్‌గా కోయించి, పైన తెలుపు స్ప్రే చేస్తే ఇంకా బాగుంటుంది. హెచ్‌ఓకు మాత్రం అక్కడికి వెళ్లొద్దు.

మొబైల్ కవర్లు వేసే యూవీ ప్రింటర్లు తెలుపు వేస్తాయి, అదీ నేరుగా ప్లాస్టిక్ మీద. కానీ ప్రింటు హెడ్డు వస్తువుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎత్తులోనే నడవాలి. బాక్స్‌ఎన్ నిలువు పట్టీలు గడి కంటే పైకి ఉంటాయి కాబట్టి హెడ్డును అంత మేరా పైకి లేపాలి. దూరం పెరిగితే సిరా చుక్క చెదిరి, సన్న గీత మసకబారుతుంది. స్టైరీన్ షీటుతో సొంతంగా కట్టేవాళ్లకు ఇందులో ఒక మంచి దారి ఉంది: పట్టీలు అతికించకముందే, చదునుగా ఉన్న షీటుకే రంగు వేసి, దాని మీదే యూవీ ప్రింటు తీయించి, ఆ తర్వాత పట్టీలు అంటించుకోవచ్చు. పట్టీ కూర్చునే చోట రంగు గీకాలి, లేకపోతే జిగురు రంగునే పట్టుకుంటుంది తప్ప ప్లాస్టిక్‌ను పట్టుకోదు. యూవీ డీటీఎఫ్ స్టిక్కర్లు (ఫిల్ము మీద అచ్చు వేసి వస్తువు మీదికి దించేవి) వేరు. వేలికి తగిలేంత మందం ఉంటాయి, హెచ్‌ఓ వ్యాగన్ మీద ఇనప రేకు ముక్క అతికించినట్టుంటుంది.

రుద్ది అంటించే డ్రై ట్రాన్స్‌ఫర్లు దొరికితే తెలుపు చక్కగా వస్తుంది. పాతబడినవైతే మైనం ఎండి అక్షరం సగమే దిగుతుంది, కొనే ముందు ఒక అక్షరం రుద్ది చూడండి. చేత్తో రాయడం నంబర్లకు వద్దు. తెల్ల జెల్ పెన్ను గీత 0.28 మి.మీ. కంటే లావు. అయితే ఒక పనికి చేతిరాతను మించింది లేదు: యార్డులో సిబ్బంది సుద్దముక్కతో వ్యాగన్ మీద గీసే గుర్తులకు. తెల్ల కలర్ పెన్సిలును సూదిలా చెక్కి, మ్యాట్ వార్నిష్ ఆరాక గీయండి. నున్నటి మెరుపు మీద పెన్సిలు జారిపోతుంది.

ఏం రాయాలి: 11 అంకెలు తప్పు పోకుండా

ఇప్పటి వ్యాగన్ నంబరులో 11 అంకెలు ఉంటాయి. మొదటి రెండు వ్యాగన్ రకం, తర్వాత రెండు సొంతదారు రైల్వే, తర్వాత రెండు తయారైన సంవత్సరం, ఆపై నాలుగు వరస సంఖ్య, చివరిది తనిఖీ అంకె. బాక్స్‌ఎన్‌కు 10, ఈస్ట్ కోస్ట్ రైల్వేకు 12, సౌత్ ఈస్టర్న్‌కు 07, సౌత్ సెంట్రల్‌కు 09. తోచిన అంకెలు పేర్చేస్తే తెలిసినవాళ్లు తనిఖీ అంకె దగ్గరే పట్టేస్తారు. లెక్క ఇదీ: సరి స్థానాల్లోని (2, 4, 6, 8, 10) అంకెలు కూడి 3తో గుణించండి. దానికి బేసి స్థానాల్లోని (1, 3, 5, 7, 9) అంకెల మొత్తం కలపండి. వచ్చిన దాన్ని పైనున్న పదుల సంఖ్యకు చేర్చడానికి ఎంత కావాలో అదే చివరి అంకె.

2005లో తయారైన ఈస్ట్ కోస్ట్ బాక్స్‌ఎన్‌కు వరస సంఖ్య 0457 అనుకుందాం: 10 12 05 0457. సరి స్థానాలు 0+2+5+4+7=18, మూడింతలు 54. బేసి స్థానాలు 1+1+0+0+5=7. మొత్తం 61. 70కి 9 తక్కువ. కాబట్టి పూర్తి నంబరు 10120504579. స్ప్రెడ్‌షీటులో ఒకసారి సూత్రం రాసుకుంటే 58 నంబర్లూ క్షణంలో వస్తాయి.

కాలం కూడా చూసుకోండి. ఈస్ట్ కోస్ట్ రైల్వే పూర్తిస్థాయిలో పనిలోకి వచ్చింది 2003 ఏప్రిల్‌లో. అంతకుముందు విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస వైపంతా సౌత్ ఈస్టర్న్ కింద ఉండేది. 1990ల నాటి నౌపడా నారోగేజి దృశ్యం పక్కన మెయిన్ లైన్ మీద ఈస్ట్ కోస్ట్ అక్షరాలున్న వ్యాగన్ నిలబెడితే కథ తప్పుతుంది. పీఓహెచ్ తేదీ తయారీ సంవత్సరం కంటే ముందుండకూడదని వేరే చెప్పక్కర్లేదు గానీ, ఒకే గడిని అన్ని వ్యాగన్లకూ కాపీ కొట్టినప్పుడు సరిగ్గా ఈ తప్పే దొర్లుతుంది. ఏ రాత ఎక్కడుంటుందో ప్లాట్‌ఫారం మీద నుంచి గానీ, లెవెల్ క్రాసింగ్ గేటు బయట నుంచి గానీ చూసి గుర్తు పెట్టుకోండి. పట్టాల మీదికి మాత్రం దిగొద్దు.

రంగు: ఏది, దేంతో

రాత తేలింది కాబట్టి రంగు ఎంపిక ఇప్పుడు సులువు. ఏది వేసినా ముందు బాడీని గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో, పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. రెజిన్ బాడీల మీద అచ్చు నుంచి వచ్చిన జిడ్డు కంటికి కనపడదు, ప్రైమర్ పడ్డాక మాత్రం చేప కళ్లలా గుంటలు గుంటలుగా కనపడుతుంది.

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇనప గేట్ల రెడాక్సైడ్ ప్రైమర్‌ను చాలామంది నేరుగా వాడతారు. రంగు నిజంగానే వ్యాగన్ రంగుకు దగ్గర. కానీ అందులో పిండి ముతక, పూత మందం. రివెట్లు, గొళ్లేలు, పట్టీల అంచులు పూడిపోతాయి. 1:32 లోహపు వ్యాగన్లకు సరే, హెచ్‌ఓకు వద్దు.

డెంటింగ్, పెయింటింగ్ షెడ్లలో కలిపిచ్చే డ్యూకో (కార్లకు వేసే త్వరగా ఆరే రంగు) మంచి ఎంపికే. పిండి సన్నం, నిమిషాల్లో ఆరుతుంది, కావాల్సిన గోధుమరంగు కొద్ది మోతాదులో కలిపిస్తారు. ప్రమాదమల్లా థిన్నర్. అది స్టైరీన్‌ను కరిగిస్తుంది. ప్లాస్టిక్ ప్రైమర్ మీద, మంచు పడ్డట్టు పలచగా మూడు నాలుగు విడతలు కొట్టాలి, ఒక్కసారి తడిసేలా కొడితే గోడ అలలు పడుతుంది. ఇంకొకటి, ఇంక్‌జెట్ డెకాల్ మీద డ్యూకో క్లియర్ కొట్టారంటే సిరా కరిగి గులాబీ మరక మిగులుతుంది. రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ రకం మాత్రం ఇంట్లో ముట్టుకోకండి. దాని గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపలేదు.

మోడల్ కోసం చేసిన ఆక్రిలిక్‌లు, ఎయిర్‌బ్రష్ కలిస్తే అన్నిటికంటే సుఖం. 0.3 మి.మీ. నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ, రంగు పాలంత పలచగా. హెచ్‌ఓ బాక్స్‌ఎన్ ఒక పూతకు 3, 4 మిల్లీలీటర్లు పడుతుంది. టామియా ఆక్రిలిక్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పలచన చేయొచ్చు, వల్లెహోను చేయకూడదు, జిగురులా గడ్డకడుతుంది. స్టేషనరీ షాపు ఆర్టిస్టు ఆక్రిలిక్‌లు గుడ్డ మీద, కాన్వాసు మీద బాగుంటాయి గానీ ఎయిర్‌బ్రష్‌లో అడ్డం పడతాయి. ఎయిర్‌బ్రష్ లేనివాళ్లు బ్రష్‌తో వేసేకంటే స్ప్రే డబ్బాయే తీసుకోవాలి. డబ్బాను పావుగంట గోరువెచ్చని నీళ్లలో ఉంచి కొడితే తుంపర సన్నబడుతుంది. వేడి నీళ్లు, పొయ్యి దగ్గరికి తీసుకెళ్లడం ప్రమాదం.

మన తీరంలో అసలు శత్రువు తేమ. కళింగపట్నం, భీమిలి వైపు నుంచి సముద్రపు గాలి మళ్లాక సాయంత్రం డ్యూకో గానీ, లక్క వార్నిష్ గానీ కొడితే పూత పాలిపోతుంది. ద్రవం వేగంగా ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి, గాలిలోని తేమ దాని మీద పేరుకోవడమే కారణం. వానాకాలంలో ఎండ కాసిన రోజు చూసుకుని మధ్యాహ్నం లోపు కొట్టండి, లేదా ఆ నెలల్లో ఆక్రిలిక్‌కే కట్టుబడండి. కంప్రెసర్‌కు నీళ్లు పట్టే ఫిల్టర్ తప్పనిసరి. లేకపోతే ఎయిర్‌బ్రష్ ఉన్నట్టుండి ఒక నీటిచుక్క ఉమ్ముతుంది, అదీ సరిగ్గా నంబరు గడి మీదే పడుతుంది. రేకు మొత్తానికి ఒకే గోధుమరంగు వద్దు. మూడు సీసాల్లో ముదురు, మధ్య, వెలిసిన రంగులు కలుపుకుని వ్యాగన్లను కలగాపులగంగా పంచండి.

డెకాల్ కూర్చోబెట్టడం

రంగు మ్యాట్‌గా ఉంటే డెకాల్ కింద సన్నని గాలి చిక్కి వెండిపొరలా మెరుస్తుంది. అందుకే రంగు మీద గ్లాసీ వార్నిష్ రెండు పూతలు వేసి, రోజంతా ఆరనివ్వాలి. వేలి గోరు నీడ కనిపించేంత మెరుపు ఉండాలి. కొత్త బ్లేడుతో, స్టీలు స్కేలు పెట్టి కోయండి. మొద్దు బ్లేడు అంచును పైకి లేపుతుంది, ఆ అంచు ఎప్పటికీ కనబడుతుంది.

గోరువెచ్చని నీళ్లలో 15, 20 సెకన్లు ముంచి, తీసి ఒక నిమిషం కాగితం మీదే ఉంచండి. వేలితో తాకితే జారేదాకా ఆగాలి, లాగొద్దు. వ్యాగన్‌ను పక్కకు పడుకోబెట్టి, గడిలో మైక్రో సెట్ (డెకాల్ అంటుకోవడానికి ముందు రాసే ద్రవం) బ్రష్‌తో తడిపి, డెకాల్‌ను కాగితం మీద నుంచి నేరుగా గడిలోకి జార్చండి. పట్టకారుతో ఎత్తితే చిన్న అక్షరాల డెకాల్ మడతపడి తనకు తనే అతుక్కుంటుంది. సరిచేశాక టిష్యూ మూలతో తడి పీల్చండి, ఒత్తొద్దు. తర్వాత డెకాల్‌ను మెత్తబరిచే మైక్రో సాల్ ద్రవం పలచగా. ఇది వేశాక డెకాల్ ఒక్కసారిగా ముడతలు పడుతుంది. కంగారుపడి వేలు పెడితే అక్కడితో సరి. అరగంటలో దానంతటదే చదునై, గడిలోని వంపులన్నీ పట్టుకుంటుంది. ఇంకా ఎక్కడైనా బుడగ మిగిలితే సూదితో పొడిచి, అక్కడే ఇంకో చుక్క మైక్రో సాల్. మర్నాడు తడిగుడ్డతో తుడిచి, మ్యాట్ వార్నిష్ కొట్టండి. ఈ మ్యాట్ పూతే తర్వాత వేసే దుమ్ముకు పట్టునిస్తుంది.

దుమ్ము ఏ సరుకుదో చెప్పాలి

ఇక్కడ కిట్ల పెట్టెలోని రంగు పొడుల కంటే గచ్చులకు కలిపే రెడాక్సైడ్ పొడి మెరుగు. అది ఐరన్ ఆక్సైడే. బైలదిల్లా నుంచి వచ్చే హెమటైట్ కూడా అదే కాబట్టి కిరండూల్ లైన్ వ్యాగన్‌కు ఇంతకంటే నిజమైన రంగు దొరకదు. దానికి చిటికెడు నల్లటి సుద్దపొడి కలిపితే ఖనిజపు ఊదా ఛాయ వస్తుంది. బొగ్గు రేకుకు పొయ్యి బొగ్గు నూరి, పలచటి గుడ్డలో జల్లించుకోవచ్చు. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసుకు నలుపులో కాస్త గోధుమ కలపాలి. దామన్‌జోడి అల్యూమినా ట్యాంకుల మీద మాత్రం తెల్లపిండి పైనుంచి కిందికి చారలుగా కారినట్టుండాలి.

పొడి వేయడమా, పలచటి రంగు నీళ్లు పారించడమా అంటే బాక్స్‌ఎన్‌కు రెండూ, ఈ వరసలో: మొదట నీళ్లు, ఆరాక పొడి. నీళ్లు పట్టీల మూలల్లోకి పోయి నీడనిస్తాయి. పొడి పై అంచు మీద, పట్టీల అడుగున, తలుపు గొళ్లేల మీద నిలుస్తుంది. బ్రష్ ఎప్పుడూ పైనుంచి కిందికే. పైన మ్యాట్ వార్నిష్ కొడితే పొడిలో సగం మాయమవుతుంది కాబట్టి అనుకున్నదానికి రెట్టింపు వేయండి. బాక్స్‌ఎన్ లోపలి గోడలు మరిచిపోవద్దు. టిప్లర్ మీద బోర్లించి ఖాళీ చేసే వ్యాగన్లవి, లోపల రంగు అరిగి తుప్పు బయటపడి ఉంటుంది, పై అంచు సొట్టలు పోయి ఉంటుంది. నంబరు ఉన్న గడి మీద పొడి పడ్డాక తడి ఇయర్ బడ్‌తో అక్షరాల మీద ఒక్కసారి అడ్డంగా తుడవండి, అంకెలు చదవడానికి వీలుగా తేలుతాయి.

చివరగా బోగీలు, అంటే వ్యాగన్ కింద చక్రాలుండే చట్రాలు. కాస్‌నబ్ రకం బోగీ పక్కలకు ముదురు మట్టిరంగు వేసేటప్పుడు ఇరుసు చివర దూరే గుంటలో రంగు పడితే చక్రం తిరగదు. చక్రం పట్టాను తాకే చోట రంగు ఉంటే కరెంటు పట్టాల మీద అది మురికిగా పేరుకుని ఇంజన్లను ఆపేస్తుంది. ఇరుసులు తీసేసి రంగు వేయండి. ఆరాక పెట్టి, వ్యాగన్‌ను అద్దం మీద ఉంచి కాస్త వాల్చి చూడండి, తనంతట తనే కదలాలి.